రొమ్ములో మార్పును ముందే పసిగట్టడం ఎలా: ఏం చూడాలి, ఎలా తడమాలి, ఎప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్లాలి

"గడ్డ తగిలింది కానీ నొప్పి లేదు, కొన్నాళ్లు చూడొచ్చా?" "నొప్పిగా ఉంది కానీ గడ్డేమీ తగలడం లేదు, క్యాన్సరేనా?" రొమ్ము క్యాన్సర్ గురించి ఎవరు అడిగినా తిప్పితిప్పి ఈ రెండే అడుగుతారు. రెండింటిలోనూ భయం ఉండాల్సిన చోట లేదు. నొప్పి లేని గడ్డనే ముందు చూపించుకోవాలి. గడ్డ లేకుండా నెలసరికి ముందు రెండు వైపులా వచ్చి, నెలసరి కాగానే తగ్గిపోయే నొప్పి చాలావరకు హార్మోన్ల వల్ల వచ్చేదే.

మొదలుపెట్టే ముందు ఒక మాట. షాంఘైలో 2,66,000 మందికి పైగా మహిళలపై జరిగిన పెద్ద పరిశోధన ఫలితాలు 2002లో వచ్చాయి. రొమ్ములు తడిమి చూసుకోవడం శ్రద్ధగా నేర్పించినా ఆ మహిళల్లో రొమ్ము క్యాన్సర్ మరణాలు తగ్గలేదు. క్యాన్సర్ కాని గడ్డలకు బయాప్సీలు (గడ్డలోంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్షలు) మాత్రం పెరిగాయి. అందుకే ఇప్పుడు చాలామంది డాక్టర్లు "ప్రతి నెలా తప్పకుండా పరీక్షించుకో" అని పట్టుబట్టడం లేదు. "నీ రొమ్ము మామూలుగా ఎలా ఉంటుందో తెలుసుకో, మారితే వెంటనే రా" అంటున్నారు. కింద చెప్పినదంతా అందుకే. ఇది మామోగ్రామ్‌కు, అంటే రొమ్ముకు తీసే ఎక్స్‌రేకు, బదులు కాదు. ఒక నెల మరిచిపోతే కొంప మునగదు కూడా.

కావాల్సినవి

- నడుము పైభాగం మొత్తం కనిపించే అద్దం
- మంచి వెలుతురు. వీలైతే పక్క నుంచి పడే వెలుతురు ఉండాలి. ఎదురుగా పడే వెలుతురులో చిన్న సొట్టలు కనబడవు
- ఒక దిండు లేదా మడత పెట్టిన తువ్వాలు
- వేళ్లు జారడానికి కాస్త లోషన్ లేదా నూనె
- పెన్ను, చిన్న పుస్తకం
- తలుపు వేసుకుని పావుగంట సమయం

ఇంట్లో వాడుకునే పరికరాలు, చేతి తొడుగులు ఏవీ అక్కర్లేదు.

1. రోజు ఎంచుకోండి

నెలసరి వస్తున్నవాళ్లు రక్తస్రావం ఆగిన తర్వాత మూడు నుంచి ఐదు రోజుల్లోపు చూసుకోవాలి. అప్పుడు వాపు, సలుపు తక్కువ. నెలసరికి వారం ముందు చూసుకుంటే రొమ్మంతా గడ్డలు గడ్డలుగానే తగులుతుంది, ఆ రాత్రి నిద్ర పట్టదు.

నెలసరి ఆగిపోయినవాళ్లు, గర్భసంచి తీసేసినవాళ్లు, గర్భిణులు ఏదో ఒక తేదీ పెట్టుకుంటే చాలు. పాలిచ్చే తల్లులు బిడ్డకు పట్టిన తర్వాత, రొమ్ము ఖాళీగా ఉన్నప్పుడు చూసుకోవాలి.

2. అద్దం ముందు, నాలుగు భంగిమల్లో

చాలామంది ఈ మెట్టు దాటేసి నేరుగా తడమడం మొదలుపెడతారు. చేతికి ఏమీ తగలకముందే కంటికి కనిపించే మార్పులు కొన్ని ఉంటాయి, కాబట్టి దీన్ని వదలకండి.

అ) చేతులు కిందికి వదిలేసి నిలబడండి.
ఆ) రెండు చేతులూ తల మీదుగా పైకెత్తండి.
ఇ) చేతులు నడుము మీద పెట్టి గట్టిగా నొక్కండి. ఛాతీ కండరం బిగుసుకోవాలి.
ఈ) అలాగే ముందుకు వంగండి, రొమ్ములు కిందికి వేలాడేలా.

ఒక్కో భంగిమలోనూ ఎదురుగా, కుడికి తిరిగి, ఎడమకు తిరిగి చూడండి. భంగిమ ఎందుకు మార్చాలంటే, చర్మాన్నీ లోపలి కండరాన్నీ కలిపే సన్నటి పోగులు రొమ్ములో ఉంటాయి. గడ్డ వాటిని లాగిపట్టుకుంటే పైన చర్మం సొట్ట పడుతుంది. నిటారుగా నిలబడినప్పుడు కనిపించని సొట్ట చేతులెత్తినప్పుడో, కండరం బిగించినప్పుడో బయటపడుతుంది.

చూడాల్సినవి ఇవీ:

- చర్మం ఒకచోట లోపలికి లాగినట్టు, మడత పడినట్టు ఉండటం
- చర్మం మందంగా మారి, రంధ్రాలు పెద్దవై నారింజ తొక్కలా కనిపించడం
- ఎర్రగా, కమిలినట్టు లేదా వెచ్చగా ఉండటం. చామనఛాయ, నల్లని చర్మం మీద ఎరుపు సరిగా కనబడదు. అక్కడ రంగు ముదరడం, ఊదా ఛాయ రావడం గమనించండి
- ఒక రొమ్ము ఈ మధ్యే పెద్దదవడం, కిందికి జారడం లేదా ఆకారం మారడం
- చేతులు ఎత్తినప్పుడు ఒక రొమ్ము రెండోదానితో పాటు పైకి లేవకపోవడం

రెండు రొమ్ములూ అచ్చంగా ఒకేలా ఉండవు. చిన్నప్పటి నుంచీ ఒకటి కాస్త పెద్దగా ఉంటే అది మామూలే. మీరు వెతకాల్సింది తేడా కాదు, కొత్తగా వచ్చిన తేడా.

3. చనుమొన

మూడు విషయాలు చూడాలి.

దిశ: బయటికి ఉండే చనుమొన కొత్తగా లోపలికి పోయిందా? ఒక పక్కకు తిరిగిందా? పుట్టుకతోనే లోపలికి ఉంటే కంగారు అక్కర్లేదు.

చర్మం: దురద, పెచ్చులు, పొక్కు, మానని పుండు. ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. పాజెట్స్ వ్యాధి అనే ఒక రకం రొమ్ము క్యాన్సర్ అచ్చం ఎగ్జిమా అనే మామూలు చర్మవ్యాధిలా కనిపిస్తుంది. నెలల తరబడి ఆయింట్‌మెంట్లు రాస్తూ కూర్చునేవాళ్లున్నారు. గుర్తుపట్టడానికి ఒక ఆధారం ఉంది. ఎగ్జిమా సాధారణంగా చుట్టూ ఉన్న నల్లని వలయంలో మొదలై, తరచుగా రెండు వైపులా వస్తుంది. పాజెట్స్ చనుమొన మీదే మొదలై బయటికి పాకుతుంది, దాదాపు ఎప్పుడూ ఒక వైపే. రెండు వారాలు మందు రాసినా మానకపోతే బయాప్సీ చేయాలా అని అడగండి.

స్రావం: పిండకండి. పిండితే చాలామందికి ఏదో ఒక చుక్క వస్తుంది, దానికి అర్థమేమీ లేదు. దానంతట అదే వచ్చి బ్రా మీద, నైటీ మీద మరకలు పడుతున్నాయా అన్నదే ముఖ్యం. తెల్లటి దూదితో అద్ది రంగు చూడండి. నెత్తురుగా గానీ నీళ్లలా గానీ, ఒక్క వైపు నుంచి, అందులోనూ ఒకే రంధ్రం నుంచి వస్తుంటే చూపించుకోవాలి. రెండు వైపుల నుంచీ, చాలా రంధ్రాల నుంచి పాలలాగానో ఆకుపచ్చగానో వచ్చేది ఎక్కువగా వేరే కారణాల వల్లే. కొన్ని మందులు, హార్మోన్ల తేడాలు, పాలనాళాలు వెడల్పవడం లాంటివి. ఇదీ డాక్టరుకు చెప్పాల్సిందే, కాకపోతే పరుగు తీయక్కర్లేదు.

4. పడుకుని తడమండి

స్నానం చేస్తూ సబ్బు చేత్తో తడుముకోవడం మంచిదే, కానీ నిలబడితే రొమ్ము కిందికి జారి అడుగుభాగం మందమవుతుంది. పడుకుంటే ఛాతీ మీద పలచగా పరుచుకుంటుంది, అప్పుడు లోపలిది తెలుస్తుంది.

కుడి రొమ్ము చూడాలంటే కుడి భుజం కింద దిండు పెట్టి, కుడి చెయ్యి తల వెనక్కి పెట్టుకోండి. ఎడమ చేతి మధ్య మూడు వేళ్లు వాడండి. వేలి కొసలు కాదు, గోటికి అవతలి వైపున్న మెత్తటి భాగం.

హద్దులు: పైన మెడ కింది కాలర్ ఎముక, కింద బ్రా అడుగు పట్టీ కాస్త దిగువ వరకు, లోపల రెండు రొమ్ముల మధ్య ఎముక, బయట చంక మధ్య గీత. రొమ్మంటే కప్పులో ఇమిడే ముద్ద ఒక్కటే అనుకోవద్దు. చంకలోకి తోకలా సాగిన భాగం కూడా రొమ్మే. క్యాన్సర్లు అన్నిటికంటే ఎక్కువగా వచ్చేది రొమ్ములో చంక వైపు పైభాగంలోనే.

చంక మధ్య గీత దగ్గర మొదలుపెట్టి నిలువుగా కిందికి రండి. హద్దు చేరాక ఒక వేలు వెడల్పు లోపలికి జరిగి పైకి వెళ్లండి. పొలం దున్నినట్టు చాలు పక్కన చాలు, మధ్య ఎముక దాకా. గుండ్రంగా తిరిగే పద్ధతి కూడా ఉంది గానీ, అందులో అంచులు తేలిగ్గా తప్పిపోతాయి.

ఆగిన ప్రతి చోటా చిన్న నాణెమంత సున్నాలు మూడు చుట్టండి, మూడు రకాల ఒత్తిడితో:

- తేలిగ్గా: చర్మం కిందే ఉన్నది తెలుస్తుంది
- మధ్యరకంగా: రొమ్ము లోపలిది తెలుస్తుంది
- గట్టిగా: పక్కటెముక వేలికి తగిలేదాకా

వేళ్లు ఎత్తకుండా జరుపుకుంటూ పోండి. ఎత్తి పెట్టిన ప్రతిసారీ మధ్యలో కొంత చోటు వదిలేస్తారు.

రొమ్ములు పెద్దగా ఉన్నవాళ్లు బయటి సగం చూసుకునేటప్పుడు రెండో రొమ్ము వైపుకు ఒరిగి పడుకుని, భుజాన్ని మాత్రం వెనక్కి మంచం మీదికి వాల్చండి. రొమ్ము మధ్యకు జరిగి, బయటి భాగం పలచబడుతుంది.

5. చంక, కాలర్ ఎముక

కూర్చోండి. చెయ్యి పూర్తిగా ఎత్తకండి, ఎత్తితే చంక బిగుసుకుని లోపలి గడ్డ దొరకదు. చేతిని ఏ టేబుల్ మీదో వదులుగా ఆనించి, రెండో చేతి వేళ్లను చంక లోతుకు పోనిచ్చి పక్కటెముకల మీదుగా కిందికి లాగండి. తర్వాత కాలర్ ఎముక పైనా కిందా నొక్కి చూడండి. షేవింగ్ తర్వాతో, చేతి మీద పుండు ఉన్నప్పుడో చంకలో నొప్పి పుట్టే బిళ్ల రావచ్చు, రెండు మూడు వారాల్లో పోతుంది. నొప్పి లేకుండా, గట్టిగా ఉండి, పోనిది అసలు సమస్య.

6. రాసుకోండి

రొమ్మును గడియారం అనుకోండి. "కుడి రొమ్ము, 10 గంటల దగ్గర, చనుమొనకు రెండు వేళ్ల దూరంలో, శనగగింజంత, గట్టిగా, కదలడం లేదు." తేదీ, చివరి నెలసరి మొదలైన రోజు కూడా రాయండి. ఈ ఒక్క వాక్యం డాక్టరుకు ఎంత పనికొస్తుందో చెప్పలేం. "ఎక్కడో ఉండాలి డాక్టరుగారూ, ఇప్పుడు దొరకడం లేదు" అనే అవస్థ తప్పుతుంది. పెన్నుతో చర్మం మీద గుర్తు పెట్టుకుని వెళ్లినా తప్పు లేదు.

చేతికి తగిలింది నిజంగా గడ్డేనా?

ముందు రెండో రొమ్ములో సరిగ్గా అదే చోట తడమండి. అక్కడా అలాగే ఉంటే అది మీ రొమ్ము తీరు అయ్యే అవకాశమే ఎక్కువ. తరచూ గడ్డ అనిపించేవి కొన్ని:

- రొమ్ము కింది వంపు వెంట నెలవంకలా ఉండే గట్టి కట్ట. చాలామందిలో ఉంటుంది, మామూలే.
- పక్కటెముక. రొమ్మును పక్కకు జరిపితే గడ్డ దానితో పాటు కదులుతుంది, ఎముక అక్కడే ఉండిపోతుంది.
- బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని నలిపినప్పుడు దొరికేవి. అలా పట్టుకుంటే ఏ రొమ్ములోనైనా గడ్డలే. ఎప్పుడూ ఛాతీకి అదిమి చూడాలి, చిటికెతో పట్టకూడదు.

క్యాన్సర్ గడ్డ ఎక్కువసార్లు గట్టిగా, అంచులు సమంగా లేకుండా, వేలితో నెట్టినా అంతగా కదలకుండా ఉంటుంది. వయసులో ఉన్నవాళ్లలో వచ్చే ఫైబ్రోఅడినోమా అనే క్యాన్సర్ కాని గడ్డ నున్నగా, రబ్బరులా ఉండి వేళ్ల కింద నుంచి జారిపోతుంది. నీటితిత్తులు నెలసరితో పాటు పెరిగి తగ్గుతుంటాయి, నొప్పీ ఉండొచ్చు. ఇవన్నీ చదివి "నాది జారుతోంది కాబట్టి పర్లేదు" అని మీకు మీరే తీర్పు చెప్పుకోకండి. మెత్తగా, గుండ్రంగా, కదిలే క్యాన్సర్ గడ్డలూ ఉన్నాయి. పాలగ్రంథుల్లో మొదలయ్యే లాబ్యులర్ రకం క్యాన్సర్‌లో గడ్డంటూ ఉండకపోవచ్చు, ఒక భాగం మందంగా, దళసరిగా అనిపిస్తుందంతే. వేళ్లతో ఏదో ఉందని చెప్పగలం. అది ఏమిటో చెప్పలేం.

ఎంత త్వరగా వెళ్లాలి?

కొన్ని రోజుల్లోనే: కొత్త గడ్డ, చర్మం సొట్ట, నారింజ తొక్క చర్మం, చనుమొన కొత్తగా లోపలికి పోవడం, నెత్తురు స్రావం, మానని చనుమొన పుండు, చంకలో లేదా కాలర్ ఎముక దగ్గర గట్టి బిళ్ల. నెలసరి ఆగిపోయాక తగిలిన కొత్త గడ్డనైతే అసలు వాయిదా వేయొద్దు.

ఒక నెలసరి వరకు ఆగొచ్చు: ఇంకా నెలసరి వస్తున్నవాళ్లకు, విడిగా గడ్డంటూ లేకుండా ఒకచోట దళసరిగా, సలుపుగా ఉంటే. నెలసరి అయ్యాక మళ్లీ అదే చోట చూడండి. పోకపోతే వెళ్లండి. ఇంకో నెల చూద్దామనుకోవద్దు.

ఎర్రబడి వాచిన రొమ్ము సంగతి వేరు. పాలిచ్చే తల్లికి జ్వరం, నొప్పితో వస్తే ఎక్కువగా అది ఇన్ఫెక్షనే, యాంటీబయాటిక్‌తో తగ్గుతుంది. కోర్సు పూర్తయినా ఎరుపు, వాపు అలాగే ఉంటే మరో కోర్సు రాయించుకుని ఇంటికి రాకండి. ఇన్‌ఫ్లమేటరీ రొమ్ము క్యాన్సర్ ఇలాగే, గడ్డ లేకుండా, వారాల్లో ముదురుతుంది. స్కాన్, బయాప్సీ అడగండి. పాలిస్తున్నా, గర్భంతో ఉన్నా అల్ట్రాసౌండ్, సూది బయాప్సీ రెండూ చేయించుకోవచ్చు. "బిడ్డ పాలు మానాక చూద్దాం" అనే మాట ఒప్పుకోకండి.

తరచూ జరిగే పొరపాట్లు

*నొప్పి కోసం ఎదురుచూడటం.* తొలి దశ గడ్డ చాలావరకు నొప్పి పెట్టదు. నొప్పి మొదలైతే వెళదామనుకునేలోపు నెలలు గడిచిపోతాయి.

*మా ఇంట్లో ఎవరికీ లేదనే ధీమా.* ఈ వ్యాధి వచ్చినవాళ్లలో ఎక్కువమందికి కుటుంబంలో ఎవరికీ ఉండదు. ఇంకొకటి, కుటుంబ చరిత్ర అంటే అమ్మ వైపే లెక్కేస్తారు. నాన్న వైపు కూడా అంతే లెక్క. మేనత్తకు, నాయనమ్మకు చిన్న వయసులో రొమ్ము క్యాన్సర్ గానీ, అండాశయ క్యాన్సర్ గానీ, ఇంట్లో మగవాళ్లకు రొమ్ము క్యాన్సర్ గానీ ఉంటే డాక్టరుకు చెప్పండి. వంశపారంపర్యంగా వచ్చే ముప్పును చూసే బీఆర్‌సీఏ జన్యుపరీక్ష, త్వరగా స్క్రీనింగ్ (లక్షణాలు లేకపోయినా చేసే పరీక్షలు) మొదలుపెట్టడం గురించి మాట్లాడాల్సి ఉంటుంది.

*పోయినేడాది మామోగ్రామ్ బాగానే ఉందనే ధీమా.* స్క్రీనింగ్ మామోగ్రామ్ సుమారు 8 క్యాన్సర్లలో ఒకదాన్ని పట్టుకోలేదు. రొమ్ము కణజాలం దట్టంగా ఉంటే అదీ, గడ్డా రెండూ ఫిల్మ్ మీద తెల్లగానే కనిపిస్తాయి, గడ్డ ఆ తెలుపులో కలిసిపోతుంది. చేతికి గడ్డ తగులుతుంటే మామోగ్రామ్ బాగుందన్న కాగితం ఒక్కటే చాలదు.

*కాపడం, పట్టీలు, మసాజ్.* గడ్డ కరగదు, సమయం పోతుంది. ఒంటి వేడిని ఫొటో తీసే థర్మోగ్రఫీ కూడా మామోగ్రామ్‌కు బదులు కాదు.

*బయాప్సీ చేస్తే క్యాన్సర్ పాకుతుందనే భయం.* సూది గుచ్చడం వల్ల వ్యాధి ముదురుతుందనేది అపోహ. నిజంగా ఇబ్బంది వచ్చేది దానికి ఎదురు దారిలో, సూది పరీక్ష లేకుండా గడ్డను నేరుగా కోసి తీసేసినప్పుడు. అది క్యాన్సరని తర్వాత తేలితే మళ్లీ ఆపరేషన్ చేయాల్సి రావచ్చు, చికిత్స ఏ వరుసలో ఇవ్వాలన్న ప్రణాళికా చెడుతుంది. "ముందు తీసేద్దాం, తర్వాత చూద్దాం" అంటే ఇంకో డాక్టరును అడగండి.

*మగవాళ్లకు రాదనుకోవడం.* వంద రొమ్ము క్యాన్సర్లలో సుమారు ఒకటి మగవాళ్లకే. చనుమొన వెనక గట్టి గడ్డగా మొదలవుతుంది. సిగ్గుపడి ఆలస్యం చేస్తారు.

పరీక్షలు పూర్తయ్యాయో లేదో ఎలా తెలుసుకోవాలి?

గడ్డ విషయం తేలాలంటే మూడు కావాలి: డాక్టరు చేత్తో చూడటం, స్కాన్, అవసరమైతే బయాప్సీ. వయసు 30 లోపైతే ముందు అల్ట్రాసౌండ్, 40 దాటితే మామోగ్రామ్‌తో పాటు అల్ట్రాసౌండ్ చేయడం సాధారణ పద్ధతి. మామోగ్రామ్ రోజు చంకల్లో డియోడరెంట్, ఛాతీ మీద పౌడర్ వేసుకోకండి. వాటి రేణువులు ఫిల్మ్ మీద, క్యాన్సర్‌కు గుర్తు కాగల కాల్షియం చుక్కల్లా కనిపించి గందరగోళం చేస్తాయి. పాత ఫిల్ములుంటే తీసుకెళ్లండి.

రిపోర్టు చివర, క్యాన్సర్ అనుమానం ఎంతో చెప్పే బైరాడ్స్ అనే అంకె ఉంటుంది. ముందు దాన్ని చూడండి.

- 0: ఏమీ లేదని కాదు, పరీక్ష పూర్తి కాలేదని. ఇంకో స్కాన్ కావాలి. దీన్ని "సున్నా వచ్చింది, హమ్మయ్య" అని చదువుకునేవాళ్లు తక్కువేం కాదు.
- 1, 2: క్యాన్సర్ అనుమానం లేదు.
- 3: క్యాన్సరయ్యే అవకాశం 2 శాతానికి మించదు. సాధారణంగా 6 నెలలకు మళ్లీ స్కాన్ చేస్తారు. ఆ తేదీని డాక్టరు మరిచినా మీరు మరవకండి.
- 4, 5: బయాప్సీ కావాలి.
- 6: బయాప్సీలో ఇప్పటికే తేలిన క్యాన్సర్.

బయాప్సీ అయితే కోర్ బయాప్సీనా అని అడగండి. సన్న సూదితో కణాలు మాత్రమే వస్తాయి. కోర్ సూదితో కండ ముక్క వస్తుంది, ఏ చికిత్స పనిచేస్తుందో చెప్పే హార్మోన్ గ్రాహకాలు, హెర్2 పరీక్షలు దాని మీదే చేస్తారు. మొదటిసారి చూపించుకున్న రోజు నుంచి 60 రోజుల్లోపు ఏదో ఒకటి తేలిపోవాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన గడువు. మీ పుస్తకంలో తేదీ ఉంది కాబట్టి లెక్క మీ చేతిలోనే ఉంది.

ఆఖరుగా రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడండి. స్కాన్‌లో బైరాడ్స్ 5 వచ్చి, బయాప్సీలో క్యాన్సర్ లేదని వస్తే సంబరపడి ఇంటికి వెళ్లకండి. సూది గడ్డలో కాకుండా పక్కన దిగి ఉండొచ్చు. "స్కాన్‌కూ బయాప్సీకీ పొంతన కుదిరిందా?" అని డాక్టరును అడగండి. కుదరకపోతే బయాప్సీ మళ్లీ చేయాల్సిందే.